లేని గోలు

అయినా ఒక మనిషి, బతుకంతా ఇరుకు గదిలో మైకు ముందు కూర్చుని, వినేవాళ్ళ ముఖం ఒక్కటి కూడా కనబడకుండానే ఊరందరికీ ఫుట్‌బాల్ ఆట చెప్పిన మనిషి, ఎదురుగా కూర్చుని ప్రాణం పెట్టి వింటున్నవాడికి ఆ నాలుగు మాటలు చెప్పలేకపోవడమేమిటి? గోడ ముందు నోరు విప్పగలిగినవాడికి తన ముందు ఎందుకు గొంతు పట్టేసింది? తనకన్నా గోడే నయమా? అలా అనుకోగానే అతనికి తన మీద జాలి వేసింది, జాలి వేసినందుకు విసుగు పుట్టింది. హెడ్‌ఫోన్ల కింద చెవులు చెమట పట్టి దురద పెడుతున్నాయి. రికార్డింగుని మళ్ళీ అదే చోటికి వెనక్కి జరిపాడు.

“రెండో సగం మొదలైంది బాబూ. జనం హోరు. నేను మైకు దగ్గరికి జరిగాను. నా పక్కన...”

ఆ తర్వాత కాస్త ఖాళీ. ఆ తర్వాత, తెరవబోయిన తలుపుని మళ్ళీ దగ్గరగా వేసినట్టు, “సరే, అదంతా ఇప్పుడెందుకులే. అక్కడితో నా ఉద్యోగం అయిపోయింది.”

నా పక్కన. ఎవరు పక్కన? పక్కన ఏమైంది? పొద్దుటినుంచీ అతను ఆ రెండు మాటల చుట్టూ ఈగలా తిరుగుతున్నాడు. కాలేజీలో చదివిన మనస్తత్వశాస్త్రమంతా వరసగా వచ్చి నిలబడుతోంది. మనసు తనని తాను కాపాడుకోవడం, నొప్పి ఉన్నచోట చుట్టుదారి పట్టడం, చెప్పాలన్న కోరికా దాచాలన్న కోరికా ఒకే నోట్లో కొట్టుకోవడం. అన్నిటికీ పేర్లున్నాయి. పేర్లన్నీ అతనికి తెలుసు. తాళంచెవుల గుత్తి మెడలో వేసుకుని వీధి గుమ్మంలో నిలబడిపోయినట్టుంది తన చదువు.

మాట్లాడుతున్నది ఒకప్పుడు రేడియోలో ఆటలు చెప్పిన పెద్దాయన. ఊళ్ళో అందరూ ఆయన్ని గొంతాయన అంటారు. ముఖం ఎరగనివాళ్ళకి కూడా ఆ గొంతు తెలుసు. గొంతుకన్నా బాగా తెలిసింది ఆయన గోలు. తన చివరి ఆటలో ఆయన పడని గోలు పడిందని చెప్పాడు. చెప్పడమంటే ఏదో నోరుజారి అనడం కాదు, ఎవరు కొట్టారో, బంతి ఏ మూలగా దూరిందో, గోల్‌కీపర్ మోకాళ్ళ మీద ఎలా కూలబడ్డాడో కళ్ళకి కట్టించాడు. ఇళ్ళల్లో రేడియోల ముందున్నవాళ్ళు గంతులు వేశారు. మైదానంలో రేడియో చెవి దగ్గర పెట్టుకుని ఆట చూస్తున్నవాళ్ళు ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. బంతి అప్పటికి మధ్యగీత కూడా దాటలేదు. ఈనాటికీ ఎవడైనా లేనిపోని గొప్పలు చెప్పుకుంటే ఈ ఊళ్ళో ‘గొంతాయన గోలు కొట్టాడు’ అంటారు. తాగి వచ్చాడని కొందరు, పందెం కాశాడని కొందరు. ఆయన ఇన్నేళ్ళలో ఆ ఊసే ఎత్తలేదు. ఆ తర్వాత ఎప్పుడో చూపు పోయిందని చెప్పుకుంటారు. ఇప్పుడు చేతికర్ర, నల్లకళ్ళద్దాలు.

రికార్డింగు సమయం చెప్పడానికి అతను ఫోన్ చేసినప్పుడు మాత్రం తనంతట తానే అన్నాడు, “వస్తాను బాబూ. ఆ గోలు సంగతి చెప్తాను. ఎవ్వరికీ చెప్పలేదు.” ఫోన్లో అంత తేలిగ్గా వచ్చిన మాట, గదిలో, మైకు ముందు, సహానుభూతితో నిండిపోయి కూర్చున్న మనిషి ముందు ఎటు పోయింది?

ఆ పాడ్‌కాస్ట్ పేరు ‘ఆఖరి రోజు’. ఉద్యోగంలో చివరి రోజు ఎలా గడిచిందో ఒక్కొక్కరి చేత చెప్పించడం. ఆలోచన అక్కది, గది అక్కది, రావలసినవాళ్ళని ఒప్పించి తీసుకొచ్చేది అక్క. శబ్దం సంగతి బావ చూసుకుంటాడు. అడగడం ఒక్కటే అతని పని. ఆ ఒక్కదాని మీదే వినేవాళ్ళందరికీ ఫిర్యాదు. పోలీసు స్టేషన్లో వాంగ్మూలం తీసుకుంటున్నట్టుందని ఒకరు రాశారు. అడిగే ఆయనకి మనసు అమర్చడం మరిచిపోయారా అని ఇంకొకరు. పళ్ళ డాక్టరుగారిని కూర్చోబెట్టినప్పుడు ఆయన, తన చివరి రోజున ఒక పన్ను తీస్తూంటే చెయ్యి వణికిందని, రోగికి తెలియకుండా రెండో చేత్తో ఆ మణికట్టు పట్టుకున్నానని చెప్పి ఆగాడు. ఇతను అడిగింది, అది పై పన్నా కింది పన్నా అని.

“ఆయన చెయ్యి వణికిందంటాడు, నువ్వు ఏ వైపు పన్నని అడుగుతావు,” అంది అక్క ఆ రోజు. “మనిషివా, ఎక్స్‌రే మిషనువా?”

అతనికి ఆ మాట నిజంగా తగిలింది. ఎందుకంటే ఆ క్షణంలో అతను చూసింది ఆ చేతినే. ఒక చెయ్యి ఇంకో చేతిని పట్టుకుని ఉండడం ఎంత ఒంటరి సంగతో అతని ఒళ్ళంతటికీ తెలిసింది. తెలిసి, భయం వేసి, నోటికి దొరికిన ప్రశ్న పట్టుకున్నాడు. ఇది అక్కకి ఎలా చెప్పడం? చెప్పినా వినే ఓపిక ఆవిడకి లేదు. ఈసారి గొంతాయన చేత ఆ గోలు సంగతి చెప్పించలేకపోతే కుర్చీ దిగమంది. పిన్ని కూతురిని కూర్చోబెడుతుందట. పిన్ని కూతురు ప్రశ్న పూర్తి కాకముందే తనే నవ్వేస్తుంది, పక్కవాళ్ళ భుజం మీద చెయ్యి వేసేస్తుంది, బస్సులో ఎక్కిన మనిషి దిగేలోగా కడుపులోదంతా ఆమెకి చెప్పేసుకుంటాడు. ఆమె వస్తే కార్యక్రమం బాగుపడుతుందని అతనికీ తెలుసు. అదే మంట.

కుర్చీ పోతే ఏం పోయింది అనుకోవడానికి అతను చాలా ప్రయత్నించాడు. కానీ మైకు అడ్డం లేకుండా ఇంకో మనిషి ఎదురుగా కూర్చోవడం తనకి రాదు. పెళ్ళిళ్ళలో భోజనాల దగ్గర పక్కవాడితో ఏం మాట్లాడాలో తెలియక నీళ్ళు తాగి తాగి లేచిపోతాడు. ఈ గదిలో మాత్రం, రికార్డింగు ఎర్రదీపం వెలిగినంతసేపూ, ఎవరో ఒకరు తన ముందు కూర్చుని ఉంటారు, అడగడానికి తనకో కారణం ఉంటుంది. అది పోతే మిగిలేది తన గది, పుస్తకాల అలమర.

అందుకనే ఆ తరగతిలో చేరాడు. సహానుభూతితో వినడం ఎలా అని, కంప్యూటరు తెర మీద ఒక రోజంతా ఒకావిడ నేర్పింది. ముందుకు వంగండి. తల కొంచెం పక్కకి వాల్చండి. నొసలు ముడవకండి. మధ్యలో మాట వెయ్యకండి, నెమ్మదిగా తల ఊపండి. చెవులతో అందరూ వింటారు, మీరు కళ్ళతో వినండి. అతను అన్నీ శ్రద్ధగా నేర్చుకుని అద్దం ముందు సాధన చేశాడు. తల పక్కకి వాల్చి ఊపుతూంటే వెనకనుంచి అక్క చూసి, “మెడ పట్టేసిందేమిట్రా?” అనడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

ఆ పాఠం బావకి మాత్రం మహా ఇష్టమైంది. ఎదుటివాళ్ళు మాట్లాడుతూంటే ఇతను ‘ఆఁ’, ‘ఊఁ’, ‘అలాగా’ అనడం బావకి పంటికింద రాయి. ఒకళ్ళ మాట మీద ఇంకొకళ్ళ గొంతు పడితే విడదీయడం కష్టం. “నీ జాలి ఎంతైనా పడు బామ్మర్దీ, శబ్దం రానివ్వకు,” అనేవాడు. ఇప్పుడు తరగతి ఆవిడ కూడా అదే చెప్పిందంటే, ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలన్నాడు.

గొంతాయన మొదటిసారి వచ్చినప్పుడు అతను ఎంత జాగ్రత్త పడ్డాడు! వీధి గుమ్మం దగ్గరనుంచి మోచెయ్యి అందించి నడిపించాడు. కుర్చీ వీపు ఆయన అరచేతికి తగిలేలా చూపించాడు. గది ఇంత ఉంటుందనీ, గోడలకి పాత పరుపులు కట్టి ఉన్నాయనీ, ఎడమవైపు అద్దం ఉందనీ, దాని అవతల మా బావ కూర్చుంటాడనీ చెప్పాడు. నీళ్ళగ్లాసు ఎక్కడుందో ఆయన వేలితో తాకించాడు. ఆ తర్వాత ఎదురుగా కూర్చుని, ముందుకి వంగి, నొసలు ముడవకుండా, మనసారా విన్నాడు. ఒకటి రెండు చోట్ల కళ్ళు చెమర్చాయి కూడా. తెచ్చిపెట్టుకున్నవి కాదు, నిజంగానే. తుడుచుకోలేదు, కనిపించనీ అనుకున్నాడు.

ఇంత చేస్తే, నా పక్కన, సరే, ఎందుకులే.

ఇవాళ మధ్యాహ్నం ఆయన మళ్ళీ వస్తున్నాడు. ఎలా ఒప్పించిందో, అక్క ఒప్పించింది. ఇదే ఆఖరని ఆయనకి కాదు, ఇతనికి చెప్పింది.

అద్దం అవతల బావ వేయించిన పల్లీలు నములుతూ తీగలు చుడుతున్నాడు. అతను తలుపు తోసి, మొదటి రోజు రికార్డింగు కోయకముందుది ఉందా అని అడిగాడు.

“కోయనిది నీకెందుకు? పెళ్ళికూతుర్ని చూడమంటే వంటింట్లో గిన్నెలు చూస్తానన్నట్టుంది.”

“ఆ ఖాళీ ఎంతసేపుందో చూడాలి బావా.”

“ఖాళీలో ఏముంటుంది, ఖాళీ ఉంటుంది,” అంటూనే బావ వెతికి పెట్టాడు.

అతను మొదటినుంచీ విన్నాడు. ముందు తేడా ఏమీ అనిపించలేదు. అదే గొంతు, అదే నిండుదనం. కాసేపటికి ఆ గొంతు ఒక వాక్యం చివర కొంచెం పైకి లేచి ఆగింది, మెట్టు ఉందో లేదో కాలితో వెతికినట్టు. ఏమీ రాలేదు. “ఉన్నావా బాబూ?” అంది. “ఉన్నానండీ,” అంది తన గొంతు, పొడిగా. మళ్ళీ కథ. మళ్ళీ వాక్యం చివర ఆ వెతుకులాట. “వింటున్నావు కదా?” “వింటున్నానండీ.” మళ్ళీ కాసేపటికి ఆయన దగ్గు వచ్చినట్టు దగ్గాడు. ఆయనకి దగ్గు రాలేదు. ఎవరైనా ‘నీళ్ళు తాగండి’ అంటారేమోనని దగ్గాడు. ముందు ముందుకి పోయేకొద్దీ వాక్యాలు చిన్నవైపోయాయి. ‘నా పక్కన’ దగ్గరకి వచ్చేసరికి ఆయన అడగడం కూడా మానేశాడు. ఆ ఖాళీ బావ ఉంచిన ఖాళీ కాదు. చాలా పెద్దది. దాన్నిండా కుర్చీ కిర్రుమనడం తప్ప ఇంకేమీ లేదు. ఆ కిర్రు తన కుర్చీదే. తల ఊపినప్పుడల్లా అది కిర్రుమనేది.

అంటే, చూపులేని మనిషి ముందు అతను అంతసేపూ తల ఊపాడు.

తనకి నవ్వొస్తుందేమోనని చూశాడు, రాలేదు. పట్టరాని కోపం వచ్చింది. ఆయనకి కనిపించదని తనకి తెలియదా? తెలుసు. గ్లాసు తాకించినవాడు తనే. గది వర్ణించినవాడు తనే. తెలిసి ఉండీ, ఎర్రదీపం వెలగగానే, ఆ తెలివంతా గుమ్మం బయట చెప్పులతోపాటు విడిచి వచ్చాడు. అంటే తను కళ్ళు చెమర్చుకున్నది ఎవరి కోసం? ఆయన కోసమైతే ఆయనకి చేరాలి కదా. అద్దం అవతల బావ కోసమా? అక్క కోసమా? లోపల తనని తాను చూసుకునే ఇంకొకడి కోసమా? ఆలోచన అంతవరకూ వచ్చి, ఇక ముందుకి పోతే బాగుండదని ఆగింది. ఆగినందుకు మళ్ళీ విసుగు.

“ఆ ‘ఉన్నావా బాబూ’లన్నీ ఎందుకు కోశావు?” అన్నాడు బావతో.

“కోయక? ఫోన్లో సిగ్నల్ లేనివాళ్ళు మాట్లాడుకుంటున్నట్టుంటే?”

“నాకు చెప్పచ్చు కదా.”

“నాకు ట్రాకు శుభ్రంగా ఉండాలన్నాను. శుభ్రంగానే ఉంది,” అన్నాడు బావ, అరచేతిలో పల్లీల పొట్టు ఊదేస్తూ. తీగలు చుట్టడంలో పడ్డాడు.

మధ్యాహ్నం అక్క వంటింట్లో ఫ్రిజ్ ఆపేసింది. దాని గుర్రుమనే శబ్దం పరుపులు దాటుకుని మైకులో పడుతుంది. పోయిన రికార్డింగుకి పాలు విరిగిపోయాయని, ఈసారి విరిగితే ఆ పాలకి కూడా ఇతనిదే జవాబుదారీ అని చెప్పి, అద్దం అవతల బావ పక్కన చేతులు కట్టుకుని కూర్చుంది. టాక్సీ అబ్బాయి పెద్దాయన్ని గుమ్మం దాకా దించి వెళ్ళాడు. ఇతను మోచెయ్యి అందించాడు. ఈసారి ఆయన గదిని వర్ణించనివ్వలేదు. “గుర్తుంది బాబూ, పరుపుల గది. మాట కింద పడితే దెబ్బ తగలని గది,” అన్నాడు. కుర్చీ తనే వెతుక్కున్నాడు.

ఎర్రదీపం వెలిగింది.

ఈసారి తప్పు చెయ్యకూడదని అతను నిశ్చయించుకుని వచ్చాడు. గొంతాయన, ఆ రోజు మబ్బు పట్టి ఉందని మొదలుపెట్టగానే ఇతను ‘ఊఁ’ అన్నాడు. ఆయన మైదానానికి నడిచే వెళ్ళానన్నాడు, ఇతను ‘అలాగా’ అన్నాడు. మెట్లెక్కుతూంటే కాళ్ళు బరువుగా ఉన్నాయన్నాడు ఆయన, ఇతను ‘అయ్యో, అర్థమవుతోందండీ’ అన్నాడు. అద్దం అవతల బావ తన పీక మీద వేలితో అడ్డంగా గీసి చూపించాడు. అతను చూడనట్టు ముఖం తిప్పుకుని, మీకెంత కష్టంగా అనిపించి ఉంటుందో ఊహించగలనన్నాడు. తరగతిలో నేర్పిన మాటల్లో అది చాలా పైస్థాయిది. తన చెవికే అది ఉద్యోగం ఇవ్వలేమని రాసే ఉత్తరంలో మొదటి వాక్యంలా వినిపించింది. ఆపలేకపోయాడు. ఆగితే మళ్ళీ ఆ ఖాళీ వస్తుందేమోనని భయం.

పెద్దాయన చెయ్యి కొంచెం పైకెత్తాడు.

“ఒక్క నిమిషం బాబూ. నువ్వు నాకన్నా ముందు పరిగెడుతున్నావు. నేనింకా చెప్పనే లేదు, నీకు అర్థమైపోయిందంటున్నావు.”

అతనికి చెవులు వేడెక్కాయి. అద్దం వైపు చూడకుండానే అక్క ముఖం ఎలా ఉందో తెలిసింది. మౌనంగా ఉంటే గోడ, మాట్లాడితే రేడియో ప్రకటన. ఈ రెండిటికీ మధ్య మనుషులందరూ పుట్టినప్పటినుంచీ హాయిగా తిరుగుతున్న చోటు ఒకటుంది. పిన్ని కూతురు అక్కడే కాపురముంటోంది. తనకి మాత్రం ఆ దారి ఎవ్వరూ చెప్పలేదు, చెప్పినవాళ్ళు తప్పు చెప్పారు. కుర్చీ పోయిందనుకున్నాడు. అనుకున్నాక ఒళ్ళు కొంచెం వదులైంది. ముందుకి వంగినవాడు వెనక్కి వాలాడు. ఏ తరగతిలోనూ నేర్పని మాట, తయారుచేసుకోనిది, నోటివెంట వచ్చింది.

“పోయినసారి ‘నా పక్కన’ అని ఆగారండీ. పక్కన ఎవరు?”

గొంతాయన చేతికర్రని కుర్చీకి ఆనించాడు, అది జారితే మళ్ళీ నిలబెట్టాడు.

“నేను గదిలో ఒక్కణ్ణే కూర్చుని చెప్పేవాణ్ణనుకుంటారు అందరూ,” అన్నాడు. “ఎదురుగా ఎవరూ లేకపోయినా చెప్పచ్చు బాబూ. పక్కన మాత్రం ఒకరుండాలి. పక్కవాడితో చెప్తాం, ఊరంతా వింటుంది. మొదట్లో ఆట లెక్కలు రాసే అతనుండేవాడు. ఆఖరి ఏడాది మా ఆవిడ.”

ఆ తర్వాత ఆయన చెప్పినదాన్లో చాలా భాగం ఇతను కదలకుండా విన్నాడు. చూపు ఆయనకి ఆ చివరి ఏడాది మొదట్లోనే పోయింది. రేడియోవాళ్ళకి చెప్పలేదు. చెబితే ఇంటికి పంపేస్తారు, ఇంట్లో కూర్చుంటే నేనెవరిని అని భయం. లెక్కల అతన్ని ఏదో సాకు చెప్పి మాన్పించి భార్యని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆవిడకి ఆటంటే ఏమీ తెలియదు. ఆయన చెవిలో నెమ్మదిగా కనిపించింది కనిపించినట్టు చెప్పేది. ఎర్రచొక్కా అబ్బాయి తెల్లచొక్కా అబ్బాయికి అడ్డం పడ్డాడు. పొట్టివాడు తన్నాడు, తగల్లేదు, సిగ్గుపడ్డాడు. ఆ మాటల్ని ఆయన నోట్లోకి తీసుకుని ఆటగా మార్చి ఊరికి పంపేవాడు. పొట్టివాడి సిగ్గు దగ్గర పెద్దాయన నవ్వాడు. ఇతనికీ నవ్వొచ్చింది, శబ్దంతో సహా వచ్చింది. బావ తల పట్టుకోలేదు. అద్దం అవతల ఇద్దరూ ముందుకి వంగి ఉన్నారు.

“ఆఖరి ఆట రోజు పొద్దున్న గొడవ పడ్డాం,” అన్నాడు గొంతాయన. “ఇవాళైనా నిజం చెప్పేయండి, ఈ అబద్ధం మోయడం నా వల్ల కాదు అంది. నువ్వు చూసింది చెప్పు చాలు, మిగతాది నీకెందుకు అన్నాను. అలాగే అన్నాను. మొదటి సగం బాగానే చెప్పింది. రెండో సగంలో... మానేసింది.”

“వెళ్ళిపోయారా?”

“లేదు. పక్కనే ఉంది. ఊపిరి వినిపిస్తోంది నాకు. మాట లేదు. నేను మోచేత్తో పొడిచాను. మాట లేదు. మైకు తెరిచి ఉంది, ఊరంతా వింటోంది, నా నోట్లో ఏమీ లేదు. అప్పుడు జనం ఒక్కసారి హోరుమన్నారు. ఎందుకో నాకేం తెలుసు? గోలు వేసేశాను.”

నీళ్ళగ్లాసు కోసం చెయ్యి చాచి, అందుకుని, తాగకుండా పట్టుకున్నాడు.

“ఆ గోలుకి నేనేం బాధపడను బాబూ. నవ్వుకుంటే నవ్వుకున్నారు. ఆవిడ ఎందుకు ఊరుకుందో, అది నాకిప్పటికీ తెలియదు. కోపమొచ్చి ఊరుకుందా? ఏడుపొచ్చి మాట రాలేదా? చూడగలిగినవాడైతే ఇలా తిరిగి ముఖం చూసి ఉండేవాడు. ఒక్క క్షణం పని. ఇంటికెళ్ళాక నేనడగలేదు. ఆవిడా చెప్పలేదు. చాలా ఏళ్ళు కలిసి ఉన్నాం ఆ తర్వాత, అన్నీ మాట్లాడుకున్నాం, అదొక్కటి తప్ప. పోయేముందు కూడా చెప్పలేదు.”

ఆగాడు.

అద్దం అవతల బావ బొటనవేలు పైకెత్తాడు. ఆ వెంటనే అరచేయి చాపి గాలిని కిందకి అదిమినట్టు చూపించాడు. కదలకు, అలా ఉండనీ. ఇలాంటి మౌనం అడిగితే దొరకదు, వినేవాళ్ళు ఇక్కడ ఊపిరి బిగబడతారు, దీని మీద ఈగ వాలినా చెడిపోతుంది. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది. ఇక కుర్చీ గురించి ఎవరూ మాట్లాడరని అతనికి తెలిసింది. చెప్పించమన్నారు, చెప్పాడు. ఇంకేమీ చెయ్యక్కర్లేదు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు.

లోపల మాటలు వచ్చి నిలబడ్డాయి. మీరెంత బాధపడి ఉంటారో. ఆవిడకి మీ మీద ప్రేమే ఉండి ఉంటుంది. మిమ్మల్ని మీరు క్షమించుకోవాలి. ఒక్కొక్కదాన్నీ చూసి పక్కకి నెట్టేశాడు. ఆవిడకి ఏముండేదో తనకేం తెలుసు? అంత మంచి మౌనాన్ని పాడుచేసే హక్కు ఏ మాటకీ ఉన్నట్టు లేదు. అతనికి ఏడుపు రాలేదు. తల మాత్రం కదులుతోంది. పక్కకి వాలలేదు, నెమ్మదిగానూ లేదు. వద్దనుకున్నా ఆగకుండా, కిందకీ పైకీ, మూర్ఖంగా కదులుతోంది. ఎప్పటినుంచి కదులుతోందో తెలియదు.

పెద్దాయన ముఖం సరిగ్గా అతని వైపు లేదు. కాస్త పక్కకి, అతని భుజానికి ఆవల ఎవరో ఉన్నట్టు తిరిగి ఉంది. చెవి ఇటు పెట్టాడు. గ్లాసు పట్టుకున్న వేళ్ళు బిగుసుకున్నాయి. ‘ఉన్నావా’ అని అడగలేదు. అడగకూడదని పెదవులు బిగబట్టాడు.

బావ అరచేయి ఇంకా గాలిలోనే ఉంది.

“నేను తల ఊపుతున్నానండీ,” అన్నాడు అతను. “ఏమనాలో తెలియక, ఇందాకటినుంచీ తల ఊపుతున్నాను.”